పాత పీఎస్3 ఆటలు స్ట్రీమింగ్‌లో అద్దెకు తీసుకుంటే గిట్టుబాటవుతుందా?

ఇర్వింగ్‌నాన్న | నవంబర్ 9, 2024

అందరికీ నమస్కారం. ఒక లెక్క తేల్చుకోవాలి, మీ సలహా కావాలి.

మా అమ్మాయి ఈ వేసవిలో పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5)లో 'ర్యాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్' పూర్తి చేసింది. అప్పట్నుంచీ ఒకటే ప్రశ్నలు. ఈ డైమెన్షనేటర్ అనే యంత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది, ర్యాచెట్ వాళ్ల జాతి ఏమైంది, ముందు కథలో ఏం జరిగింది అని. ఆ కథంతా పీఎస్3 రోజుల్లోది. 'టూల్స్ ఆఫ్ డిస్ట్రక్షన్', 'క్వెస్ట్ ఫర్ బూటీ', 'ఎ క్రాక్ ఇన్ టైమ్', 'ఇంటూ ద నెక్సస్'. ఈ నాలుగూ ఇప్పుడు పీఎస్5లో ఆడాలంటే పీఎస్ ప్లస్ (సోనీ చందా సేవ)లో పై శ్రేణి అయిన ప్రీమియం తీసుకుని స్ట్రీమింగ్‌లో, అంటే ఆట సోనీ సర్వర్‌లో నడుస్తుంటే నెట్ ద్వారా ఆడటం ఒక్కటే దారి. నెలకు 17.99 డాలర్లు. డౌన్‌లోడ్ లేదు, విడిగా కొనుక్కునే వీలూ లేదు.

2007 నాటి ఆటకు నెలనెలా అద్దె కట్టడానికి మనసు ఒప్పట్లేదు. అలాగని పాత పీఎస్3 కొని టీవీ కింద ఇంకో పెట్టె పెట్టాలా? ఇప్పటికే నాకు పీఎస్ ప్లస్‌లో కింది శ్రేణి ఎసెన్షియల్ ఏడాది ప్యాక్ ఉంది, ఇంకా తొమ్మిది నెలలు మిగిలింది. వాడినవాళ్లు చెప్పండి.

బాస్‌ఫైట్ | నవంబర్ 9

అన్నా, ఆలోచించకుండా తీసేసుకో. ఒక్క నెల కట్టు, నాలుగూ ఆడించెయ్, ఆపెయ్. పద్దెనిమిది డాలర్లకు నాలుగు ఆటలంటే ఒక్కోదానికి ఐదు డాలర్లు కూడా పడదు.

లలిత_ఆస్టిన్ | నవంబర్ 9

ఒక్క నెల అన్నారు కదా, అక్కడే చిక్కుంది. రమారమి అందరూ ఇక్కడే దెబ్బతింటారు.

మీ అకౌంట్లో ఎసెన్షియల్ ఇంకా తొమ్మిది నెలలు ఉందన్నారు. ప్రీమియంకి మారాలంటే ఆ తొమ్మిది నెలలకీ కలిపి తేడా కట్టమంటుంది. ఒక నెలకి మాత్రమే మారతాను అంటే కుదరదు. ఎసెన్షియల్ ఏడాదికి 79.99, ప్రీమియం 2023 సెప్టెంబర్‌లో పెంచాక ఏడాదికి 159.99. తేడా 80 డాలర్లు. అందులో తొమ్మిది నెలల వాటా అంటే 60 డాలర్లు. కాబట్టి మీ వరకు ఈ నాలుగు ఆటల ధర 18 కాదండీ, 60.

ఇంట్లో ఇంకెవరి పేరునైనా అకౌంట్ ఉంటే, దానికి సబ్‌స్క్రిప్షన్ లేకపోతే, అందులో ఒక నెల ప్రీమియం తీసుకుని ఆ అకౌంట్‌లోనే ఆడించండి. అప్పుడే 17.99తో తేలుతుంది.

ఇంకొకటి. ఇప్పటికే ఎక్స్‌ట్రా (మధ్య శ్రేణి) ఉన్నవాళ్లు 17.99 అనుకుని బెంగపడక్కర్లేదు. ఎక్స్‌ట్రా నెలకు 14.99. వాళ్లకు పాత ఆటల అద్దె అసలు మూడు డాలర్లే. ఒకే సేవ ధర ఎవరి దగ్గర ఏముందో దాన్నిబట్టి మూడు, పద్దెనిమిది, అరవై అవుతోంది. ఈ మాట సైన్ అప్ పేజీలో ఎక్కడా కళ్లకు కట్టేలా రాయరు, అది నాకు నచ్చదు.

ఇర్వింగ్‌నాన్న | నవంబర్ 9

లలిత గారూ, బతికించారు. నేను నేరుగా నా అకౌంట్లోనే అప్‌గ్రేడ్ నొక్కేవాణ్ణి. మా ఆవిడ పేరున ఒక అకౌంట్ ఖాళీగా ఉంది, దాన్ని వాడతాం. ఇక ప్రశ్న ఆట ఎలా ఉంటుందని. ఆలస్యం తెలుస్తుందా?

సర్వర్‌రూమ్ | నవంబర్ 10

నేను నెట్‌వర్క్ పనిలో ఉన్నాను కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

మొదట, పీఎస్1, పీఎస్2 ఆటలు డౌన్‌లోడ్ ఇస్తూ పీఎస్3 ఆటలు మాత్రమే స్ట్రీమింగ్‌లో ఎందుకు ఇస్తున్నారు? కారణం పీఎస్3లోని సెల్ అనే ప్రాసెసర్. దానిలో ఒక మామూలు కోర్ (లెక్కలు చేసే భాగం), దాని చుట్టూ ఎనిమిది చిన్న ప్రత్యేక కోర్‌లు. ఎనిమిదిలో ఒకటి తయారీలోనే మూసేస్తారు, ఇంకొకటి సిస్టమ్‌కి, మిగతా ఆరు ఆటకు. మంచి స్టూడియోలు ఆ ఆరింటినీ పిండి వాడుకున్నాయి. పని ఎలా పంచాలి, డేటా ఎప్పుడు తేవాలి అనేది ప్రతి ఆటా తన సొంత పద్ధతిలో రాసుకుంది. దాన్ని ఇప్పటి మామూలు ప్రాసెసర్ మీద అనుకరించడం చాలా బరువైన పని. పీసీలో ఆర్‌పీసీఎస్3 ఎమ్యులేటర్ ఏళ్ల తరబడి కష్టపడి చేస్తున్న పని అదే. సోనీ వేరే దారి పట్టింది. 2012లో గైకాయ్ అనే కంపెనీని 38 కోట్ల డాలర్లు పెట్టి కొని, సర్వర్ గదుల్లో పీఎస్3 హార్డ్‌వేర్‌నే పెట్టేసింది. ఎనిమిది పీఎస్3లు పట్టేంత సరుకును ఒక్క బోర్డు మీదకు తెచ్చారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

అంటే మీరు బటన్ నొక్కితే ఆ కబురు సర్వర్ దాకా వెళ్లాలి, అక్కడ ఆట కదలాలి, ఆ బొమ్మ వీడియోగా మారాలి, తిరిగి మీ ఇంటికి రావాలి, పీఎస్5 దాన్ని విప్పి టీవీకి ఇవ్వాలి. టీవీ కూడా తన వంతు కొంచెం ఆలస్యం చేస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము 17 మిల్లీసెకన్ల లోపు. దారిలో నాలుగైదు ఫ్రేములు జారితే చేతికి తెలిసిపోతుంది.

డేటా గురించి భయం వద్దు. కనీసం 5 ఎంబీపీఎస్ కావాలంటారు. ఆ వేగంలో గంటకు రెండుంపావు జీబీ. నలభై గంటలు ఆడినా 90 జీబీ. నెలకు పరిమితి ఉన్న కనెక్షన్ అయినా తట్టుకుంటుంది. అసలు చూడాల్సింది వేగం కాదు, నిలకడ. 300 ఎంబీపీఎస్ ఉండి వైఫై మధ్యలో తుమ్మితే బొమ్మ ముక్కలైపోతుంది. రౌటర్ నుంచి పీఎస్5కి కేబుల్ లాగండి, టీవీలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ పెట్టండి. ఈ రెండూ చేయకుండా స్ట్రీమింగ్ బాలేదని తీర్పు చెప్పకూడదు.

పాతడిస్క్ | నవంబర్ 10

నేను వేరే పక్షం. అద్దె కట్టకండి. పీఎస్3 కొనండి.

సెకండ్ హ్యాండ్ పీఎస్3 స్లిమ్ దొరకడం ఇప్పటికీ కష్టం కాదు. సోనీ 8 కోట్లకు పైగా అమ్మిన మిషన్ అది. ర్యాచెట్ డిస్కులు లక్షల్లో అమ్ముడయ్యాయి, పాత గేముల షాపుల్లో అడిగితే దొరుకుతాయి. పీఎస్3 ఆటల డిస్కులకు ప్రాంతం అడ్డు లేదు, ఇండియా డిస్కు అమెరికా మిషన్‌లో ఆడుతుంది. 'క్వెస్ట్ ఫర్ బూటీ' ఒక్కటి జాగ్రత్త, దానికి అమెరికాలో డిస్కు రాలేదు, డౌన్‌లోడ్‌గానే అమ్మారు. యూరప్‌లో, ఆసియాలో డిస్కు వేశారు. కాబట్టి బయటి డిస్కు తెప్పించుకోవచ్చు, లేదా పీఎస్3 స్టోర్‌లో కొనుక్కోవచ్చు. 2021 మార్చిలో ఆ స్టోర్ మూసేస్తామన్నారు, జనం గొడవ చేస్తే ఏప్రిల్‌లో వెనక్కి తగ్గారు. ఇప్పటికీ నడుస్తోంది. మిషన్ మీద కార్డు మాత్రం తీసుకోదు, ముందే వాలెట్‌లో డబ్బు వేసుకోవాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే అద్దెకు తీసుకున్నది రేపు ఉంటుందో లేదో మన చేతిలో ఉండదు. 'రెడ్ డెడ్ రిడెంప్షన్' సంగతి చూడండి. పీఎస్3 ఆటగా ప్రీమియం స్ట్రీమింగ్‌లో ఉండేది. 2022 అక్టోబర్‌లో తీసేశారు. మరుసటి ఆగస్టులో అదే ఆటను పీఎస్4కి తెచ్చి 49.99 డాలర్లు అన్నారు. మొన్న అక్టోబర్ ఆఖర్లో పీసీకి కూడా అదే ధర. 2010లో డిస్కు కొని దాచుకున్నవాడికి ఈ తతంగంతో ఏ సంబంధమూ లేదు. వాడి డిస్కు ఇవాళ్టికీ తిరుగుతుంది.

బాస్‌ఫైట్ | నవంబర్ 10

పాతడిస్క్ అన్నా, నువ్వు చెప్పినదంతా నీకు సరిపోతుంది. ఆయనకు కావాల్సింది కూతురు నాలుగు ఆటలు ఆడటం. దానికోసం మిషన్, కంట్రోలర్, డిస్కులు, యూరప్ నుంచి పార్సెల్ అంటే అమ్మాయి పెద్దదైపోతుంది. పదిహేనేళ్ల మిషన్ లోపల థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, ఫ్యాన్ హోరు పెడుతుంది, డిస్క్ డ్రైవ్ లేజర్ ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు. ఆ రిపేరు ఖర్చు కూడా నీ లెక్కలో వెయ్యి మరి.

పాతడిస్క్ | నవంబర్ 10

వేస్తాను తమ్ముడూ, న్యాయమే. పేస్ట్ మార్చడం ఒక సాయంత్రం పని, నేర్చుకుంటే వస్తుంది. ఆట ఆడటమే కావాలంటే నీ మాట సరే. ఆ ఆట తన కూతురి దగ్గర ఉండిపోవాలంటే నా మాట సరి. రెండూ వేరువేరు కోరికలు, రెంటికీ వేరు ధరలు.

గుంటూరు2కెనడా | నవంబర్ 11

అద్దె అనే మాట వచ్చింది కాబట్టి పాత కథ చెప్పాలి. ఇప్పటివాళ్లు సబ్‌స్క్రిప్షన్‌ని అద్దె అంటున్నారు గానీ, సోనీ మొదట నిజంగానే ఒక్కో ఆటను విడిగా అద్దెకు ఇచ్చింది. 2014 జులై 31న ప్లేస్టేషన్ నౌ అనే స్ట్రీమింగ్ సేవ ఓపెన్ బీటా (అందరికీ తెరిచిన ట్రయల్) అమెరికాలోనూ మా కెనడాలోనూ మొదలైంది. నాలుగు గంటలు, 7 రోజులు, 30 రోజులు, 90 రోజులు అని నాలుగు రకాలు. ధర పబ్లిషర్ల చేతిలో పెట్టారు. నాలుగు గంటలకు 2.99 డాలర్లతో మొదలై, మూడు నెలలకు 14.99, కొన్నిటికి 19.99 దాకా పోయేది. అదే డబ్బుకు ఆ ఆట పాత డిస్కు సొంతంగా వచ్చేసేది. జనం మండిపడింది అందుకే.

నా దృష్టిలో అసలు తప్పు ధరలో లేదు, గడియారంలో ఉంది. నాలుగు గంటలు అంటే మనం ఆడిన నాలుగు గంటలు కాదు. మొదటిసారి ఆట తెరిచిన క్షణం నుంచి గోడ మీద గడియారం చూపించే నాలుగు గంటలు. మధ్యలో అన్నం తిన్నా, పిల్లాడు ఏడిస్తే లేచి వెళ్లినా, ఆ సమయం మన ఖాతాలోంచే పోయేది. మేం గుంటూరు బ్రాడీపేటలో వీడియో గేమ్ పార్లర్‌కి వెళ్లి గంట లెక్కన డబ్బులు కట్టి ఆడినవాళ్లం. కరెంటు పోతే అక్కడి అన్న గడియారం ఆపేవాడు, వచ్చాక మిగతా నిమిషాలు ఆడనిచ్చేవాడు. ఆ పాటి న్యాయం ఒక పెద్ద కంపెనీ సర్వర్‌కి చేతకాదా అని నాకు అప్పట్లో ఒళ్లు మండేది. ఎవరు ఎంతసేపు ఆడారో నిమిషం నిమిషం వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది కదా.

2015 జనవరి 13న సబ్‌స్క్రిప్షన్ తెచ్చారు. నెలకు 19.99, మూడు నెలలకు 44.99, వందకు పైగా ఆటలు. విడి అద్దె మెల్లగా కనుమరుగైంది. 2017 ఆగస్టులో పీఎస్3, వీటా (సోనీ చేతి కన్సోల్), టీవీల మీద సేవ ఆపేసి పీఎస్4, పీసీలకే పరిమితం చేశారు. 2019 అక్టోబర్‌లో నెలకు 9.99కి తగ్గించారు. ఈ సేవ మొత్తం చరిత్రలో నిజంగా గిట్టుబాటైన కాలం అదే. ఏడాదికి 59.99. 2022 జూన్‌లో దాన్ని ప్రీమియంలో కలిపేశారు, పాత ఆటల స్ట్రీమింగ్ ఒక్కటే కావాలంటే విడిగా తీసుకునే దారి పోయింది.

ఇర్వింగ్‌నాన్న గారి అవసరం చూడండి. నాలుగు ఆటలు. 'క్వెస్ట్ ఫర్ బూటీ' మూడు నాలుగు గంటల ఆట. నిమిషాల లెక్కన న్యాయంగా ఇచ్చి ఉంటే ఆ పాత 2.99 అద్దె దానికి అతికినట్టు సరిపోయేది. మిగతావి ఒక్కోటి పది పన్నెండు గంటలు, నెక్సస్ ఇంకా చిన్నది. ఆయనకు వందల ఆటల లైబ్రరీ అక్కర్లేదు. విడి అద్దెను బాగుచేయాల్సింది పోయి మూసేశారని నా బాధ.

సర్వర్‌రూమ్ | నవంబర్ 11

గుంటూరు గారూ, గడియారం విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఒక్కటే చెప్పాలి, స్ట్రీమింగ్‌లో ప్రతి ఆటగాడికీ ఒక మిషన్ అక్కడ నిజంగా కేటాయించాలి. సినిమా వీడియో లాగా ఒకే ఫైలును లక్షమందికి పంచడం కుదరదు. మీరు ఆడుతున్నంతసేపూ ఆ హార్డ్‌వేర్ మీదే. ఆ పీఎస్3 చిప్పులు కొత్తవి తయారవట్లేదు కూడా. ఖర్చు ఉంది.

గుంటూరు2కెనడా | నవంబర్ 11

ఖర్చు ఉంది, ఒప్పుకుంటా. ఆ ఖర్చు ఆడిన గంటలతో పెరుగుతుందని మీరే అంటున్నారు. మరి డబ్బు కూడా ఆడిన గంటలకే తీసుకోవాలి కదండీ.

మియాపూర్_మెట్రో | నవంబర్ 12

మీరంతా గిట్టుబాటా కాదా అని మాట్లాడుకుంటున్నారు. ఇక్కడ హైదరాబాద్‌లో మాకు ఆ ఛాయిసే లేదు. ఇండియాలో ప్రీమియం అమ్మరు, దాని బదులు డీలక్స్, నెలకు 849 రూపాయలు. పీఎస్1, పీఎస్2 క్లాసిక్స్ డౌన్‌లోడ్ వస్తాయి. స్ట్రీమింగ్ లేదు కాబట్టి పీఎస్3 ఆటలు ఒక్కటి కూడా లేవు. 2007లో ఇక్కడ పీఎస్3 39,990 రూపాయలకు వచ్చింది. ఆ రోజుల్లో అంత పెట్టగలిగిన ఇళ్లు ఎన్ని? మాలో చాలామంది పీఎస్2 నుంచి నేరుగా పీఎస్4కి వచ్చాం. మధ్యలో ఒక తరం ఆటలు మొత్తం చూడలేదు. ఎవరికైతే ఈ స్ట్రీమింగ్ నిజంగా పనికొస్తుందో వాళ్లకే అందుబాటులో లేదు.

ఇంకో సంగతి, ఇది మన ఊరిది. 2009లో పీఎస్2కి 'హనుమాన్: బాయ్ వారియర్' వచ్చింది. చేసింది అరోనా టెక్నాలజీస్, హైదరాబాద్. గోటీలాట, గాలిపటాలు లాంటివి పెట్టి 'దేశీ అడ్డా' చేసింది గేమ్‌శాస్త్ర, అదీ హైదరాబాదే. మన దగ్గర కూర్చుని మనవాళ్లు పెద్ద కన్సోల్‌కి చేసిన తొలి ఆటలు. అవి గొప్ప ఆటలని అనను, హనుమాన్‌లో కెమెరా చాలా చోట్ల ఇబ్బంది పెడుతుంది. కానీ ఏ క్లాసిక్స్ జాబితాలోనూ అవి లేవు, వస్తాయన్న ఆశ కూడా నాకు లేదు. మా ఇంట్లో హనుమాన్ డిస్కు ఉంది, గీతలు పడకుండా కవర్లో పెట్టి దాచాను. స్ట్రీమింగ్ కంపెనీ ఏది నిలబెట్టాలో అమ్మకాన్ని బట్టి చూస్తుంది. మనకు ముఖ్యమైనది మనమే దాచుకోవాలి. అందుకే నా ఓటు పాతడిస్క్ అన్నకి.

లలిత_ఆస్టిన్ | నవంబర్ 12

మియాపూర్, ఆ డిస్కు నుంచి ఒక కాపీ కూడా తీసి పెట్టుకోండి. డిస్కు కూడా శాశ్వతం కాదు.

మీరన్నదానికి ఊతంగా ఒకటి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం చేసింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవు. అంటే స్ట్రీమింగ్, రీమాస్టర్ (పాత ఆటను మెరుగుపరిచి మళ్లీ అమ్మడం), స్టోర్ అన్నీ కలిపినా అందేది పదమూడు శాతమే. పరిశోధకుల కోసం లైబ్రరీలు అలాంటి ఆటలను దూరం నుంచి ఆడనిచ్చేలా అనుమతించమని అడిగితే, కిందటి నెలలోనే అమెరికా కాపీరైట్ ఆఫీసు కాదంది. కంపెనీలు ఇవ్వవు, లైబ్రరీలను ఇవ్వనివ్వరు. 17.99 ఎక్కువా తక్కువా అన్నదానికంటే నాకు ఇది ఎక్కువ బాధగా ఉంది.

బాస్‌ఫైట్ | నవంబర్ 12

అక్కా, ఇది నాకు తెలియదు. 87 అంటే చాలా ఎక్కువ.

పాతడిస్క్ | నవంబర్ 12

డిజిటల్‌లో పూర్తి ధర పెట్టి కొన్నది కూడా నిలవదు, అద్దె సంగతి చెప్పేదేముంది. ఆన్‌లైవ్ అనే ఆటల స్ట్రీమింగ్ సేవ 2010లో వచ్చింది, మూడు రోజులు, ఐదు రోజుల అద్దెలు కూడా ఇచ్చేది. 2015 ఏప్రిల్ 30న మూతపడింది, అక్కడ కొనుక్కున్న ఆటలన్నీ దాంతోపాటే పోయాయి. గూగుల్ వాళ్ల స్ట్రీమింగ్ సేవ స్టేడియా 2023 జనవరి 18న ఆగింది. వాళ్లు కనీసం ఆటలకు కట్టిన డబ్బు తిరిగి ఇచ్చారు, అది మెచ్చుకోవాలి.

ఇర్వింగ్‌నాన్న | నవంబర్ 17

మా ఆవిడ అకౌంట్లో ఒక నెల తీసుకున్నాం. మొదటి వారాంతం ఎలా నడిచిందో చెబుతాను, ఇంకెవరికైనా ఉపయోగపడుతుంది.

'టూల్స్ ఆఫ్ డిస్ట్రక్షన్' వైఫై మీద మొదలుపెట్టాం. నడవడం, కాల్చడం, డబ్బాలు పగలగొట్టడం అన్నీ బాగానే ఉన్నాయి. పట్టాల మీద జారుతూ వెళ్లే చోట ఇబ్బంది వచ్చింది. ఎదురుగా అడ్డం కనిపించగానే ఎగరాలి. అమ్మాయి సరిగ్గానే నొక్కుతోంది, ర్యాచెట్ అర క్షణం తర్వాత ఎగురుతున్నాడు, ఈలోగా తగిలి పడిపోతున్నాడు. 'నేను నొక్కాను నాన్నా, నొక్కాను' అని కళ్లనీళ్లు పెట్టుకుంది. సర్వర్‌రూమ్ గారు చెప్పినట్టు హాల్లోంచి గోడ వారగా కేబుల్ లాగి, టీవీలో గేమ్ మోడ్ పెట్టాను. పూర్తిగా పోలేదు గానీ అమ్మాయి చెయ్యి దానికి అలవాటు పడింది, ఆ పట్టాలు దాటేసింది. చీకటి సీన్లలో బొమ్మ కొంచెం మసకగా, గళ్లు గళ్లుగా కనిపిస్తోంది. అది తనకు పట్టలేదు, నాకు మాత్రం కనిపిస్తూనే ఉంది.

నా లెక్కలో ఈ నెలకు గిట్టుబాటైనట్టే. రెండో నెల కట్టాల్సి వస్తే కాదు. స్కూలు రోజుల్లో రోజుకు గంటకు మించి ఆడనివ్వం. థాంక్స్‌గివింగ్ సెలవులు ఈ నెలలోనే రావడం కలిసొచ్చింది.

లలిత_ఆస్టిన్ | నవంబర్ 17

మంచి పని చేశారు. ఆటో రెన్యూవల్ ఇప్పుడే ఆపేయండి. ఆపినా కట్టిన నెల ఆఖరిరోజు దాకా ఆడుకోవచ్చు. తర్వాత ఆపుదాంలే అనుకుంటే డిసెంబర్‌లో ఇంకో 17.99 పోతుంది.

ఆడే వరుస కూడా చూసుకోండి. టైం చాలకపోతే 'క్వెస్ట్ ఫర్ బూటీ' వదిలేసినా పర్లేదు గానీ 'ఎ క్రాక్ ఇన్ టైమ్' వదలొద్దు. తను అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అందులోనే ఉంది, నాలుగింటిలో మంచి ఆట కూడా అదే.

గుంటూరు2కెనడా | నవంబర్ 18

'ఎ క్రాక్ ఇన్ టైమ్'లో క్లాంక్‌తో ఆడే పజిళ్లు ఉంటాయి, తన కదలికలను తానే రికార్డు చేసుకుని వాటితో తలుపులు తెరిచేవి. వాటికి తొందర లేదు, నెమ్మదిగా ఆలోచించి ఆడేవి కాబట్టి స్ట్రీమింగ్‌లో బాగా నడుస్తాయి. ఆలస్యం ఇబ్బంది పెట్టేది యుద్ధాల్లోనే. అక్కడ ఒక మెట్టు కష్టం తగ్గించి పెట్టండి.

పాతడిస్క్ | నవంబర్ 18

ఇర్వింగ్ గారూ, అమ్మాయికి వీటిలో ఏది బాగా నచ్చిందో చెప్పండి. ఆ ఒక్క ఆట డిస్కు మాత్రం కొని ఇవ్వండి, మిషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. నా దగ్గర 'ఎ క్రాక్ ఇన్ టైమ్' రెండో కాపీ ఉంది. ప్లేనోలో ఉంటాను, దగ్గరే కదా. కావాలంటే మెసేజ్ పెట్టండి, డబ్బులేం వద్దు.